డ్రైవరు జీతం చూసి మనకెందుకు కడుపుమంట?

2023 ఆగస్టులో ఒక శనివారం. డాలస్ దగ్గర ఒక మిత్రుడి ఇంట్లో పాట్‌లక్. బయట వంద దాటిన ఎండ, లోపల చల్లగా ఏసీ. ప్లేట్లు పట్టుకుని సోఫాల్లో కూర్చున్నాం. ఎవరో ఫోన్ చూస్తూ, "ఇది విన్నారా, యూపీఎస్ డ్రైవరుకి ఏడాదికి లక్షా డెబ్బై వేల డాలర్లంట!" అన్నాడు.

అంతే, గది గదంతా ఒక్కసారి ఘొల్లుమంది. "ఇంకెందుకురా మనం ఎమ్మెస్సులు చేసింది? హాయిగా బండి తోలుకుంటే పోయేది" అని ఒకరు. "మరే, ఇంటింటికీ డబ్బాలు పడేసే వాడికి నా కంటే ఎక్కువా!" అని ఇంకొకరు. కాస్త పెద్దాయన ఒకరు, "ఈ యూనియన్లే దేశాన్ని ముంచుతాయి, చూస్తూ ఉండండి" అని తీర్పు చెప్పేశారు. అందరూ నవ్వుతూనే ఉన్నారు గానీ ఆ నవ్వులో ఉక్రోషం కూడా ఉంది.

నేనేమీ మాట్లాడలేదు. మా నాన్న డ్రైవరని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఆ రోజు గొంతు దాటి రాని మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు లెక్క సరిచూద్దాం

ఆ లక్షా డెబ్బై వేలు ఎక్కడ నుంచి వచ్చింది? యూపీఎస్ సీఈవో కరోల్ టోమే ఇన్వెస్టర్లతో మాట్లాడుతూ చెప్పిన అంకె అది. ఐదేళ్ళ కాంట్రాక్టు చివరికొచ్చేసరికి, అంటే 2028 నాటికి, ఫుల్‌టైమ్ డ్రైవరుకి సగటున జీతమూ బెనిఫిట్లూ అన్నీ కలిపి అంత అవుతుందన్నారు. అందులో హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, పెన్షన్ ఉంది. మనలో ఎవరైనా జీతం చెప్పేటప్పుడు కంపెనీ కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియం, 401కె మ్యాచ్ కలిపి చెప్తామా? చెప్పం. మన జీతం బేస్ పే, వాడి జీతం మాత్రం టోటల్ కాస్ట్!

అసలు రేటు చూద్దాం. టీమ్‌స్టర్స్ యూనియన్ చెప్పిన ప్రకారం, కాంట్రాక్టు ముగిసేనాటికి డ్రైవర్ల సగటు టాప్ రేటు గంటకి 49 డాలర్లు. వారానికి 40 గంటలు, 52 వారాలు వేసుకుంటే 1,01,920 డాలర్లు. ఆ టాప్ రేటు రావడానికి డ్రైవింగ్‌లో నాలుగేళ్ళు పనిచేయాలి. 2023 కాంట్రాక్టులో కొత్త డ్రైవరు మొదలయ్యేది గంటకి 23 డాలర్ల దగ్గర. అందరూ సరాసరి డ్రైవర్లు కూడా కారు. చాలామంది ముందు గోడౌన్‌లో పార్ట్‌టైమ్‌గా పెట్టెలు ఎక్కించి దించి, ఏళ్ళ తరబడి వరసలో నిలబడి స్టీరింగ్ దాకా వస్తారు.

ఆ బండిలో ఏసీ ఉండేది కాదు. 2022 జూన్‌లో కాలిఫోర్నియాలో ఒక 24 ఏళ్ళ డ్రైవరు ఎండలో డ్యూటీ చేస్తూ బండిలోనే కుప్పకూలి చనిపోయాడు. ఎండే చంపిందని అతని కుటుంబం అన్నది. 2024 జనవరి ఒకటి తర్వాత కొనే కొత్త బండ్లకి ఏసీ పెట్టాలని 2023 కాంట్రాక్టులో రాయించుకోవాల్సి వచ్చింది. 2022లో పది వేల కోట్ల డాలర్ల వ్యాపారం, 1,300 కోట్ల డాలర్ల ఆపరేటింగ్ లాభం చేసిన కంపెనీ చేత ఏసీ పెట్టించడానికి కూడా బేరమాడాల్సి వచ్చింది. ఆ బేరాల సమయంలోనే 97 శాతం మంది సమ్మెకి సై అని ఓటేశారు.

ఓవర్‌టైమ్: డబ్బు ఒక్కటే కాదు

అమెరికాలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు జీతం ఇవ్వాలన్న చట్టం 1938 నాటిది. కానీ దానికి చిల్లులు చాలా ఉన్నాయి. పది వేల పౌండ్లు దాటిన సరుకు బండ్లు నడిపే చాలామంది డ్రైవర్లకి ఆ ఫెడరల్ నిబంధన వర్తించదు. అంటే ఆ బ్రౌన్ యూనిఫారం డ్రైవరుకి ఓవర్‌టైమ్‌ను ఖాయం చేసేది ప్రధానంగా యూనియన్ కాంట్రాక్టు. చాలా ప్రాంతాల్లో వారం లెక్క కూడా కాదు, రోజుకి ఎనిమిది గంటలు దాటితే చాలు.

ఇంకో చిల్లు ఎవరి కోసమో తెలుసా? మన కోసం. కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్టులు, ప్రోగ్రామర్లు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు అని చట్టంలో పేరు పెట్టి మరీ రాశారు. గంటకి 27.63 డాలర్లు, లేదా నిర్ణీత సాలరీ ఇస్తే చాలు, ఓవర్‌టైమ్ ఇవ్వనక్కర్లేదు. ఆ 27.63 అన్న అంకె 1996లో బిగించారు, ఇప్పటికీ అదే. మనం రిలీజ్ వీకెండ్‌లో శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం తెల్లవారుజాము దాకా కాల్ మీద ఉంటే వచ్చేది ఏమిటి? సోమవారం "గ్రేట్ టీమ్‌వర్క్" అని ఒక ఈమెయిలూ, రెండు పిజ్జాలూ. నాకు బాబు పుట్టిన మూడో రోజు ప్రొడక్షన్ ఇష్యూ వచ్చిందని ఆసుపత్రి కారిడార్లో నేల మీద కూర్చుని లాగిన్ అయ్యాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. "వీలుంటే చూడు" అన్నారంతే. వీలు లేదని చెప్పే హక్కు నాకుందో లేదో నాకే తెలియదు.

డ్రైవర్ల దగ్గర ఉన్న అసలు సొత్తు ఇక్కడుంది. వాళ్ళ కాంట్రాక్టులో "నైన్ ఫైవ్" అని ఒక నిబంధన. రోజుకి 9.5 గంటలు మించి పని వద్దనుకునే డ్రైవరు ఒక లిస్టులో పేరు రాయించుకోవచ్చు. అలా రాయించుకున్న వాడి చేత వారంలో మూడు రోజులు 9.5 గంటలు దాటించి పని చేయిస్తే, గ్రీవెన్స్ వేస్తాడు. నెగ్గితే ఆ పై గంటలకి మూడు రెట్లు జీతం. సెలవు రోజున బలవంతంగా రప్పించి ఆరో రోజు పని చేయించడం కుదరదని 2023లో రాయించుకున్నారు.

ఒకటిన్నర రెట్లు ఇస్తే కంపెనీకి పెద్ద నష్టం లేదు. కొత్త మనిషిని పెట్టుకుని ఇన్సూరెన్సూ పెన్షనూ కట్టడం కంటే ఉన్నవాడి చేతే పన్నెండు గంటలు తిప్పడం చవక. అందుకే డబ్బు ఇచ్చి గంటలు లాగుతారు. మూడు రెట్ల జరిమానా ఉన్నది డ్రైవరుకి డబ్బు చేర్చడానికి కాదు, ఆ గంటలు కంపెనీకి ఖరీదైనవిగా చేయడానికి. ఓవర్‌టైమ్ చేసే హక్కు ఉన్నవాడు బాగుపడొచ్చు. కానీ ఓవర్‌టైమ్ వద్దనే హక్కు కూడా ఉన్నవాడికే ఇల్లంటూ ఒకటి ఉంటుంది. మనకి మొదటిదీ లేదు, రెండోదీ లేదు. ఏడవాల్సింది ఎవరి గురించి?

బిడ్ అంటే టెండరు కాదు

మా వీధికి వచ్చే డ్రైవరు ఒకాయన ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఒకసారి మంచినీళ్ళ బాటిల్ ఇస్తే నిలబడి రెండు నిమిషాలు మాట్లాడాడు. "ఈ రూట్ నాది. బిడ్ వేసి తెచ్చుకున్నాను, పదిహేడేళ్ళ తర్వాత" అన్నాడు.

బిడ్ అనగానే నా బుర్ర టెండరు దగ్గరికి వెళ్ళింది. మనకి తెలిసిన బిడ్ అదే కదా. ఒక ప్రాజెక్టుకి క్లయింటు ఒక రేటు అంటాడు. మధ్యలో ప్రైమ్ వెండరు, వాడి కింద ఇంకో వెండరు, వాడి కింద మన దేశీ కన్సల్టెన్సీ. తక్కువకి ఎవరు వస్తారంటే వాడికి పని. గంటకి ఐదు డాలర్లు తగ్గించుకుని పక్కవాడి పొట్ట కొడతాం, రేపు ఇంకొకడు మన పొట్ట కొడతాడు. ఆ బిడ్‌లో కదిలేది ధర, కిందకే కదులుతుంది.

డ్రైవర్ల బిడ్‌లో ధర కదలదు. రేటు కాంట్రాక్టులో రాసి ఉంది. కదిలేది పని. ఒక రూట్ ఖాళీ అయితే నోటీసు పెడతారు. కావాల్సిన వాళ్ళు పేర్లు రాస్తారు. వాళ్ళలో ఎవరి సర్వీసు ఎక్కువైతే రూట్ వాళ్ళది. వెకేషన్ వారాలూ అంతే, సీనియారిటీ వరసలో ఎంచుకుంటారు. వివరాలు ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకంగా ఉంటాయి గానీ సూత్రం ఒకటే. తనకి ఆ రూట్ ఎందుకు రాలేదో ప్రతి డ్రైవరుకీ తెలుస్తుంది, లిస్టు చూసి ఎవరైనా లెక్క సరిచూసుకోవచ్చు.

"అయితే పనిమంతుడికి విలువేముంది? చురుకైన కుర్రాడు పదేళ్ళు ఆగాలా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సీనియారిటీ వల్ల కుర్రవాళ్ళకి చెత్త రూట్లు, చెత్త టైములు వస్తాయి. అది నిజం. కానీ సీనియారిటీ తీసేస్తే ఆ కుర్చీలో ప్రతిభ వచ్చి కూర్చుంటుందని ఎవరు చెప్పారు? ఎవరు కూర్చుంటారో నేను చిన్నప్పుడే చూశాను.

మా నాన్న విజయవాడలో ఒక పార్సిల్ ట్రాన్స్‌పోర్టులో లారీ నడిపేవాడు. జీతం కొంచెమే, బత్తా మీదే ఇల్లు గడిచేది. మద్రాసు లైను పడితే బత్తా బాగా వస్తుంది. లోకల్ ట్రిప్పులు పడితే ఒళ్ళు హూనమే తప్ప చేతికేమీ రాదు. ఎవరికి ఏ లైను అన్నది ఆఫీసులో గుమాస్తా చేతిలో ఉండేది. రాసిన రూలు అంటూ ఏదీ లేదు. గుమాస్తాకి మందు పోయించినవాడికో, ఆయన ఇంటి పనులు చేసిపెట్టినవాడికో మంచి లైను. నాన్నకి ఈ రెండూ చేతకావు. ప్రతి ఏడూ సంక్రాంతికి అమ్మ అరిసెలు వండగానే మొదటి డబ్బా గుమాస్తా ఇంటికి వెళ్ళేది, భోగినాడు నాన్నకి ట్రిప్పు వెయ్యకుండా ఉంటాడేమోనని. ఆ డబ్బా నేనే సైకిల్ మీద తీసుకెళ్ళేవాణ్ణి. అయినా చాలా పండగలకి నాన్న ఇంట్లో లేడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఉన్న మనిషి, నిన్నగాక మొన్న చేరిన వాడి కింద నిలబడి లైను కోసం అడుక్కోవడం నేను కళ్ళారా చూశాను.

మా వీధి డ్రైవరు తన సెలవు కోసం ఎవరింటికీ డబ్బా పంపలేదు. లిస్టులో తన వంతు వచ్చినప్పుడు వారం పేరు చెప్పాడు, అంతే. ఆయన జీతం కన్నా నాకు ఎక్కువ ఈర్ష్య కలిగించింది అదే.

స్వర్గమేమీ కాదు

ఇదంతా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1997 ఆగస్టులో లక్షా ఎనభై ఐదు వేల మంది 15 రోజులు సమ్మె చేశారు. పార్ట్‌టైమ్ పనులతో బతకలేమన్నది అప్పటి ప్రధానమైన గొడవ. పదివేల ఫుల్‌టైమ్ ఉద్యోగాలు సాధించుకున్నారు. అప్పటి గాలప్ సర్వేలో 55 శాతం జనం సమ్మె పక్షాన ఉంటే, కంపెనీ పక్షాన 27 శాతం. డబ్బాలు ఆలస్యమైనా సరే జనం డ్రైవర్ల పక్కన నిలబడ్డారు.

అలాగని యూనియన్ ఎప్పుడూ సరిగ్గానే నడిచిందని కాదు. 2018లో అప్పటి నాయకత్వం "22.4" అనే కొత్త తరగతి డ్రైవర్లని ఒప్పుకుంది. అదే బండి, అదే డబ్బాలు, తక్కువ టాప్ రేటు. నైన్ ఫైవ్ రక్షణ కూడా వాళ్ళకి లేదు. ఓటేసిన సభ్యుల్లో 54 శాతం ఆ కాంట్రాక్టు వద్దన్నారు. అయినా సగం మంది కూడా ఓటెయ్యలేదు కాబట్టి తిరస్కరించాలంటే మూడింట రెండొంతులు కావాలనే పాత రూలు పట్టుకుని నాయకత్వం దాన్ని నెత్తిన రుద్దింది. సభ్యులు మర్చిపోలేదు. 2021లో యూనియన్ మహాసభలో ఆ రూలే తీసేశారు. అదే ఏడాది ఎన్నికల్లో కొత్త నాయకత్వాన్ని తెచ్చుకున్నారు. 2023లో 22.4 తరగతి రద్దయింది. పార్ట్‌టైమర్ల కనీస రేటు 21 డాలర్లకి పెరిగింది. ఆ కాంట్రాక్టుకి 86.3 శాతం మంది అవునన్నారు. యూనియన్ చెడిపోతే వదిలెయ్యలేదు, బాగుచేసుకున్నారు. మన సంఘాల్లో ఒక అధ్యక్షుడితో పడకపోతే వేరే సంఘం పెట్టేసుకునే మనం దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఉంది.

"చూశారా, జీతాలు పెంచారు, ఇప్పుడు ఉద్యోగాలు పీకేస్తున్నారు" అని ఆ పాట్‌లక్ మిత్రుడే 2025లో ఫోన్ చేసి చెప్పాడు. నిజమే, అమెజాన్ డబ్బాలు సగానికి పైగా తగ్గించుకుంటామని 2025 జనవరిలో యూపీఎస్ ప్రకటించింది. ఆ ఏడాది అక్టోబరుకల్లా 34 వేల ఆపరేషన్స్ ఉద్యోగాలు తగ్గించామని చెప్పింది. డ్రైవర్లు స్వచ్ఛందంగా వెళ్ళిపోతే డబ్బిస్తామని బైఅవుట్లు పెట్టింది. చాలా బిల్డింగులు మూతపడ్డాయి. కాంట్రాక్టు ఉన్నంత మాత్రాన కంపెనీ పని తగ్గించుకోకుండా ఆపలేదు. కానీ అదే ప్రకటనలో ఇంకో అంకె ఉంది, 14 వేల మేనేజ్‌మెంట్ ఉద్యోగాలు కూడా పోయాయి. వాళ్ళకి యూనియన్ లేదు, పెద్ద ఓవర్‌టైమ్ రేట్లూ లేవు. మరి వాళ్ళ ఉద్యోగాలు ఎవరి అత్యాశ వల్ల పోయాయి?

మన సంగతి

తేడా ఎక్కడంటే, పోయేటప్పుడు కూడా డ్రైవరుకి వరస ఉంటుంది. లేఆఫ్ అయితే సర్వీసు తక్కువ వాళ్ళు ముందు, పని తిరిగి వస్తే పిలుపు సర్వీసు ప్రకారం. మా టీమ్‌లో ఏడుగురిలో ముగ్గురు ఒకే ఉదయం పోయారు. ఆరింటికి ఈమెయిల్, ఆరుంపావుకి లాప్‌టాప్ లాక్. ఎందుకు వాళ్ళే అన్నది మేనేజరుకి కూడా తెలియదన్నాడు. ముగ్గురిలో ఇద్దరు హెచ్-1బి మీద ఉన్నారు. 60 రోజుల్లో ఇంకో ఉద్యోగమో, ఇంకో స్టేటసో దొరక్కపోతే పిల్లల్ని స్కూలు మాన్పించి పెట్టేబేడా సర్దుకోవాలి. వాళ్ళలో ఒకతను ఆ 2023 పాట్‌లక్‌లో గట్టిగా నవ్విన వాళ్ళలో ఉన్నాడు. ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. ఆ అరవై రోజులూ అతను పడ్డ నరకం నాకు తెలుసు.

ఇంకో సంగతి. ఆ డ్రైవరు ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి వెళ్ళాలో చెప్పేది ఓరియన్ అనే సాఫ్ట్‌వేర్. బెల్టు పెట్టుకున్నాడా, ఎంత దూరం రివర్స్ చేశాడు అని బండిలో సెన్సర్లు లెక్కపెడతాయి. ఇలాంటివి రాసేది మనలాంటి వాళ్ళమే. వాళ్ళు మాత్రం, ఆ కొలతల్ని తమ మీద ఎలా వాడాలో కూడా కాంట్రాక్టులో షరతులు రాయించుకున్నారు. మనం రాసే కోడ్‌కి మనం పెట్టలేని హద్దులు, ఆ కోడ్ కింద పనిచేసే వాళ్ళు పెట్టారు.

మరి హైదరాబాదులో? ఫుడ్ డెలివరీ, పది నిమిషాల సరుకుల డెలివరీ చేసే కుర్రాళ్ళకి బిడ్ లేదు, లిస్టు లేదు, ఓవర్‌టైమ్ అన్న మాటే లేదు. రేటింగూ ఇన్సెంటివ్ స్లాబూ ఆ యాప్ ఎలా చెబితే అలా. గుమాస్తా పోయి యాప్ వచ్చింది, దానికైతే అరిసెల డబ్బా కూడా పనికిరాదు. 2025 డిసెంబరు 31న దేశవ్యాప్తంగా గిగ్ వర్కర్లు సమ్మె పిలుపునిచ్చినప్పుడు అందులో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ముందుంది. న్యూ ఇయర్ రాత్రి బిర్యానీ ఆలస్యమైందని విసుక్కున్న మన చుట్టాలకి ఆ సంగతి చెప్పాల్సింది మనమే.

ఏం చెయ్యగలం?

రేపే మనమంతా యూనియన్ పెట్టేద్దామని నేను అనడం లేదు. ముందు తెలుసుకుందాం. సూపర్‌వైజర్లు, మేనేజర్లు కాని ప్రైవేటు ఉద్యోగులకి తమ జీతాల గురించీ, పని గంటల గురించీ తోటివాళ్ళతో మాట్లాడుకునే హక్కును 1935 నాటి లేబర్ చట్టం ఇచ్చింది. వీసా మీద ఉన్నా ఆ హక్కు ఉంటుంది. మన వాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసు? జీతం సంగతి సొంత తమ్ముడికి కూడా చెప్పం. మన మౌనం ఎవరికి లాభమో ఒకసారి ఆలోచించండి. ఒక నెల రోజులు మీరు నిజంగా పనిచేసిన గంటలు ఒక కాగితం మీద రాసి, వచ్చిన జీతాన్ని ఆ గంటలతో భాగించి చూడండి. డ్రైవరు మీద ఉక్రోషం ఎంత మిగులుతుందో అప్పుడు చెప్పండి.

డ్రైవర్ల కాంట్రాక్టు 2028 జూలై 31తో ముగుస్తుంది. ఆ వేసవిలో మళ్ళీ బేరాలు, బహుశా మళ్ళీ సమ్మె ఓటు. మన ఊళ్ళో పికెట్ లైను పడితే అటువైపు వెళ్ళి ఒక ఐస్‌బాక్సు నిండా నీళ్ళ బాటిళ్ళు ఇచ్చి రండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

మా నాన్న ఇప్పుడు లేడు. ఉంటే మా వీధి డ్రైవరుని చూపించి, "నాన్నా, ఈయన సెలవు ఈయనే ఎంచుకుంటాడు" అని చెప్పేవాణ్ణి. నమ్మేవాడు కాదేమో. వచ్చే పాట్‌లక్‌లో ఎవరైనా మళ్ళీ "బండి తోలేవాడికి అంత జీతమా" అంటే మాత్రం, ఈసారి నేను ప్లేటు పక్కన పెట్టి మాట్లాడతాను.